పెంటప్ప కాక కొత్త రీడు

"కత్తెర పెట్టినవా? దానికి కత్తెర పెట్టినవా నువ్వు?"

"పెట్టిన. ఏమాయె? మూతి కాడ గుండ్రంగ ఉండె, సాపు చేసిన. ఆకు ముక్కంత లేదు, దానికి గంత లొల్లి ఎందుకు?"

"అది తునికాకు కాదే తల్లీ! రీడు! బొంబై నుంచి తెప్పించిన రీడు!"

"బొంబై నుంచి వస్తే ఏంది? వంకరుంటే వంకరే గద. రేకు పెట్టి కోసిన. జర సూడు, ఎంత సీదా అయిందో."

"అయ్యో అయ్యో అయ్యో..."

షోలాపూర్ దగ్గరి కుంభారి కాలనీలో మా ఇంటికీ పెంటప్ప కాక ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటువైపు గ్లాసు కింద పెడితే ఇటువైపు వినబడుతుంది. ఇక వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే చెప్పేదేముంది! కాకది మామూలు గొంతే కాదు. ఉప్పు అడగాలన్నా వీధి చివర ఉన్నవాణ్ణి పిలిచినట్టు అడుగుతాడు. నేను బ్రష్షు నోట్లో పెట్టుకునే వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. చూడాలని కాదు, ఆపితే రాత్రి డ్యూటీ చేసొచ్చిన మా అన్న పడుకుంటాడని.

కాక భార్య యమునాబాయి, మాకు కాకూ, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించే కత్తెర ఒక పక్క, కొలతకు పెట్టుకునే రేకు ముక్క ఇంకో పక్క. కాక అరచేతిలో ఆ రీడు పెట్టుకుని చచ్చిన పిట్టను చూసినట్టు చూస్తున్నాడు.

క్లారినెట్ మూతికి కట్టే రెల్లు పలక అది. వేలంత పొడవు, వేలి కన్నా సన్నం. ఒక కొన లావుగా ఉంటుంది, రెండో కొనకు వచ్చేసరికి కాగితమంత పలుచబడుతుంది. ఆ పలుచని కొనే ఊపిరికి అదిరి పాట పలుకుతుంది. కాకూ సరిగ్గా ఆ కొననే కోసి పడేసింది. రోజంతా తునికాకులు సాపు చేసే చెయ్యి కదా, గుండ్రంగా ఉన్నది కంట పడితే ఊరుకోలేకపోయింది.

"అభ్యా, నువ్వన్న చెప్పు ఈమెకు," అన్నాడు కాక.

"నేనేం చెప్పాలె కాకా? కోసేసింది. ఇంకోటి లేదా?"

"ఉన్నది. ఒక్కటే."

"మరి అది పెట్టుకో."

"పెట్టుకో అంటడు సూడు! చెప్పు కాళ్ళకేసుకున్నట్టు పెట్టుకుంటరారా కొత్త రీడు? దాన్ని సాధు చెయ్యాలె. రోజు ఇంత ఇంత. పున్నమి నెత్తి మీదికొచ్చింది."

ఆ పున్నమి సంగతి చెప్పకపోతే ఈ గోలంతా మీకు అర్థం కాదు. రాఖీ పున్నమికి మా పద్మశాలీలు మార్కండేయుని రథం తీస్తారు. రథం ముందు బ్యాండు నడుస్తుంది. అందులో ముందు వరుసలో క్లారినెట్ పట్టుకుని పెంటప్ప కాక ఉంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే స్థలం, అదే ఎర్ర కోటు. కాకపోతే ఇప్పుడు బ్యాండు వినాయక్ చేతికి వచ్చింది. వినాయక్ చెడ్డవాడు కాదు. బండి మీద కీబోర్డు పెట్టి ఋషికేశ్ అనే కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు, పెళ్ళిళ్ళవాళ్ళు అదే అడుగుతున్నారు మరి. పోయినేడు కొంతం చౌక్‌లో క్లారినెట్ కీచుమందని, ఈసారి మళ్ళీ కీచుమంటే కాక చేతికి ఝుంఝునా ఇస్తానని చెప్పేశాడు. గింజలు పోసిన బుర్రలు రెండు చేతుల్లో పెట్టుకుని ఆడించడమే దాని పని. పళ్ళూడి గాలి నిలవని ముసలాళ్ళకు, ఏమీ రాని కొత్తవాళ్ళకు ఇస్తారది. కాక ఆ మాట ఇంటికొచ్చి చెప్పిన రోజు అన్నం తినలేదని కాకూ చెప్పింది. కీచుమనలేదనీ, కీబోర్డు కోసం వినాయక్ నాటకమాడుతున్నాడనీ కాక వాదన.

"కూసింది," అంది కాకూ బీడీకి దారం చుడుతూ. "ఎన్నేండ్ల నుంచి కూస్తున్నది. నేను చెప్తే ఇంటడా?"

"నీ చెవులల్ల పొగాకు పడ్డది."

"నీ చెవులల్ల ఏం పడ్డదో సూస్కో."

ఇలా సాగుతుంది వాళ్ళ సంసారం. వినీ వినీ నాకు విసుగు.

కాక పుట్టింది షోలాపూర్‌లోనే. తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చాడట. కాక మీసాలు రాకముందే కుంఠా నాకా దగ్గర టవళ్ళ షెడ్డులో చేరాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. సాంచాల మధ్యే జీవితమంతా నిలబడ్డాడు, మోకాళ్ళు పోయేదాకా. పెళ్ళిళ్ళ రోజులొస్తే షెడ్డుకు నాగా పెట్టి బ్యాండులోకి పరిగెత్తేవాడు. సేటు పనిలోంచి తీసేసేవాడు. సీజన్ అయిపోగానే వెళ్ళి నిలబడితే మళ్ళీ పెట్టుకునేవాడు. క్లారినెట్ ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే ఒకసారి ఒక ఉస్తాద్ పేరు చెప్తాడు, ఇంకోసారి ఎవడి దగ్గరా కాదంటాడు. నేను అడగడం మానేశాను.

ఆ మిగిలిన ఒక్క రీడును సాధు చెయ్యడం మొదలైంది. నా పాపం కూడా అప్పుడే మొదలైంది.

నేను కుంఠా నాకా దగ్గర టవళ్ళ గోదాములో ప్యాకింగ్ పని చేస్తాను, బైకు మీద పోయి వస్తాను. ఇంట్లో ఊదితే ఆకులు నానబెట్టిన నీళ్ళు నెత్తి మీద పోస్తానని కాకూ చెప్పేసింది. వీధిలో ఊదితే రాత్రి డ్యూటీవాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు. అందుకని కాక ఒక ఉపాయం ఆలోచించాడు. తను పనిచేసిన షెడ్డులో మధ్యాహ్నం ఒక మూల కూర్చుని ఊదుతాడట. సాంచాల చప్పుడులో ఎవరికీ వినబడదు, ఎవరూ కొట్లాడరు. నన్ను తీసుకుపొమ్మన్నాడు.

"ఎవరికీ వినబడకుంటే ఊదుడు ఎందుకు కాకా?"

"రీడుకు తెలుస్తది రా. నీకెందుకు?"

పొద్దున నేను బైకు స్టార్ట్ చేసి నిలబడితే, ఆయన లోపల ఆ పుల్లకు సేవ చేస్తుంటాడు. ముందు స్టీలు గ్లాసులో మంచినీళ్ళు పోసి దాన్ని వేస్తాడు. బోరు నీళ్ళు కాదు, తాగే నీళ్ళే. నోట్లో పెట్టి తడపొచ్చు కదా అంటే, ఉమ్మితో తడిపితే తొందరగా కుళ్ళుతుందంటాడు. తడిసిన రీడును గుండ్రని చేతి అద్దం మీద బోర్లా పెట్టి, లావు కొన నుంచి పలుచని కొన వైపు బొటనవేలితో రుద్దుతాడు. మళ్ళీ రుద్దుతాడు. మళ్ళీ. రెల్లులో కంటికి కనబడని సన్న సన్న గొట్టాలుంటాయట, అవి మూసుకుపోవాలట. నేను హారన్ కొడతాను. ఆయన తల కూడా ఎత్తడు.

"కాకా, నాకు లేటయితది!"

"కొత్త వార్పు నూలు ఎక్కించినప్పుడు సాంచా ఏమన్న ఉరుకుతదా? మెల్లగ నడిపిస్తం. ఇది గూడ గంతే."

"గోదాముల నన్ను తిట్టేది సాంచా కాదు, మా మేనేజర్."

"తిట్టనీ. కాలేజీ ఇడిసినవు, ఎవడన్న తిట్టిండా? తిడితే ఆడనే ఉంటుంటివి."

తర్వాత దాన్ని అద్దంతో సహా గుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుంటాడు. క్లారినెట్ డబ్బా మా ఇద్దరి మధ్య. ఎక్కడ గుంత వచ్చినా నా వీపులో పొడుచుకుంటుంది. షెడ్డుకు పోయాక ఊదేది కాసేపే. మొదట్లో ఎక్కువ ఊదితే రీడు అలసిపోతుందట! ఆ కాసేపు నేను పక్కన ఉండాలట, అందుకని మధ్యాహ్నం తిండి మానుకుని గోదాము నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి గోదాముకు తిరగాలి.

షెడ్డులో చూడాలి ఆయన్ని. నూలు బస్తాల మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఊదుతాడు. బుగ్గలు కదులుతాయి, వేళ్ళు కదులుతాయి, సాంచాల దడదడ తప్ప ఒక్క ముక్క వినబడదు. అయ్యాక నా దగ్గరికొచ్చి చెవిలో అరుస్తాడు.

"ఎట్లుండె?"

"నాకేం వినబడ్డది!"

"మంచిగున్నది. నా పెదవికి తెలుస్తది."

సరే, నీ పెదవి నీ ఇష్టం అనుకున్నాను.

ఒక రోజు కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. అలాంటప్పుడు షెడ్డులో వచ్చే నిశ్శబ్దం చెవులు గింగురుమనేలా ఉంటుంది. కాక కళ్ళు మూసుకునే ఉన్నాడు, ఊదుతూనే ఉన్నాడు. నేను మొదటిసారి విన్నాను. నిజం చెప్పాలంటే కింది స్వరాలు బాగున్నాయి. గుండ్రంగా, తడిగా, లోపలి నుంచి వస్తున్నట్టు. ఇన్ని రోజులు ఈ పుల్లకు చేసిన సేవ ఊరికే పోలేదనుకున్నాను. అంతలో పాట పైకి ఎక్కింది.

కీ...చ్!

పలక మీద మేకుతో గీసినట్టు. పళ్ళు జివ్వుమన్నాయి. టిఫిన్ విప్పుతున్న శ్రీనివాస్ చేతిలోంచి మూత జారింది. శ్రీనివాస్ కాకతో పక్కపక్క సాంచాల మీద పనిచేసినవాడు, కాకను దాదా అంటాడు.

"కోడిని ఎవరు కోస్తున్నరు రా?" అన్నారు అవతలి నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

కాక ఆపలేదు. ఆ కీచు మీంచి హాయిగా దాటుకుంటూ ముందుకు పోయాడు. మళ్ళీ కీచుమంది. మళ్ళీ నవ్వారు. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"ఏమైంది రా? ఎందుకు నవ్వుతున్నరు?"

శ్రీనివాస్ మూత ఏరుకునే పనిలో పడ్డాడు.

"కూసింది కాకా," అన్నాను నేను.

"ఏడ కూసింది?"

"ఇప్పుడే. రెండుసార్లు."

"నేను ఇనలే."

"నువ్వు ఇనకుంటే కూయలేదనా?"

"ఆ వినాయక్ గాడు నేర్పిండా నీకు గీ మాటలు?"

నాకు ఒళ్ళు మండింది. తిండి మానుకుని, మేనేజర్‌తో తిట్లు తిని, వీపు మీద డబ్బా పోట్లు భరించి వస్తుంటే, నేను వినాయక్ మనిషినట! ఫోను తీశాను. "మల్ల ఊదు, రికార్డు చేస్త," అన్నాను. రోషంగా ఊదాడు. పైకి ఎక్కగానే శుభ్రంగా కూసింది. ఆపి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించాను.

కాక తల ఊపుతూ విన్నాడు. కీచుమన్న చోట మా అందరి మొహాలు చింతపండు తిన్నట్టయ్యాయి. ఆయన తల మాత్రం తాళం తప్పకుండా ఊగుతూనే ఉంది. ఊగుతూ ఊగుతూ మా మొహాల మీద చూపు పడింది. ఆగాడు.

"మల్ల పెట్టు."

పెట్టాను. ఈసారి ఫోను వైపు చూడలేదు. మా మొహాలే చూశాడు. ముందు నావైపు, తర్వాత శ్రీనివాస్ వైపు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇప్పుడు ఏం లేదు రా," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతంత వచ్చింది. "ఆడ నాకు గాలే ఉన్నది."

శ్రీనివాస్ దగ్గరికొచ్చి పక్కన కూర్చున్నాడు. "నాకు గూడ కుడి చెవు ఎప్పుడో పోయింది దాదా. మా మనుమరాలు మాట్లాడితే సగమే అందుతది. మనం సాంచాల కాడ నిలబడ్డోళ్ళం గద."

కాక ఆయన మాట పట్టించుకోలేదు. నావైపు తిరిగాడు.

"అయితే పోయినేడు కొంతం చౌక్‌ల?"

"కూసింది."

"ఎవడో జారి పడ్డడు, గందుకే నవ్విన్రు అన్నరు గద."

"నీ మొఖం మీద ఎవరు చెప్తరు కాకా? మస్తు కూసింది."

శ్రీనివాస్ నన్ను కొట్టేట్టు చూశాడు. చూడనీ. కరెంటు వచ్చింది, సాంచాలు మొదలయ్యాయి, ఇక ఎవరూ ఏమీ మాట్లాడుకునే వీలు లేకపోయింది. కాక రీడు విప్పి, తుడిచి, అద్దం మీద పెట్టి గుడ్డ చుట్టాడు. ఎప్పటిలాగే, ఒక్క మడత కూడా తప్పకుండా. సాయంత్రం ఇంటికి వస్తున్నప్పుడు నా వీపుకు డబ్బా తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. దానికీ చిరాకేసింది నాకు. ఆ పని మొదటి రోజే చేసి ఉండొచ్చు కదా!

ఇంతటితో వదిలిపెడతాడనుకున్నాను. తెల్లారగానే తలుపు కొట్టాడు.

"నడువ్. నువ్వు ఇను, నేను గీకుత."

కాలనీ చివర ఇంకా ఇళ్ళు కట్టని ఖాళీ జాగా ఉంది. అక్కడ ఒక రాయి మీద ఆయన, ఎదురుగా నేను. కూసినప్పుడల్లా నేను వేలు ఎత్తాలి. క్లారినెట్ మూతిని పెదవుల మధ్య కొంచెం ఎడమకు వంచి ఊదాడు. నేను వేలు ఎత్తలేదు. కుడికి వంచి ఊదాడు. ఎత్తాను. కుడి పక్క గట్టిగా ఉందన్నమాట. రీడు విప్పి, సన్నని పాలిష్ కాగితం ముక్కతో ఆ పక్క ఒకటే ఒక్క గీత గీసినట్టు రుద్దాడు. మళ్ళీ తడిపి, కట్టి, మరలు బిగించి, ఊదాడు. ఎత్తాను. మళ్ళీ విప్పాడు.

"ఇంకొంచెం గట్టిగ రుద్దరాదు? పొద్దెక్కుతున్నది."

"తీసింది మల్ల అతుకుతదారా? నువ్వు వేలు మంచిగ ఎత్తు. సగం ఎత్తినవెందుకు?"

"సగమే కూసింది."

"సగం కూసుడేంది? కూస్తే కూసింది అను, లేకుంటే లేదను."

"నువ్వే ఇను అయితే!"

నోరు జారింది. ఆయన పాలిష్ కాగితం మీద దుమ్ము ఊదుకున్నాడు. తర్వాత, "సగం కూస్తే సగం ఎత్తు," అన్నాడు.

రోజూ ఇదే పని. కాకూ ఒక రోజు చాయ్ తీసుకుని అక్కడికే వచ్చింది. జరిగిందంతా శ్రీనివాస్ ఇంటావిడ ద్వారా ఆమెకు చేరింది. మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇన్నేండ్ల నుంచి నేను చెప్తే పొగాకన్నడు. పక్కింటి పోరడు వేలెత్తితే ఒప్పుకున్నడు. వా రే వా!"

"నువ్వు వేలెత్తలేదు గదనే. నోరెత్తినవు."

"కత్తెర తేవాల్నా మల్ల?"

"తల్లీ, చాయ్ పెట్టి పో!"

ఆమె పోలేదు. నా పక్కనే నిలబడి, కూసినప్పుడల్లా తనూ వేలు ఎత్తింది. మా ఇద్దరి వేళ్ళూ ఒకేసారి లేచేవి. కాక ఒకసారి నా వేలును, ఒకసారి ఆమె వేలును చూసి, ఆమె ఏళ్ళ తరబడి చెప్పిందంతా అప్పుడే లెక్కకు వచ్చినట్టు కళ్ళు దించుకున్నాడు.

రీడు బాగుపడింది. కింది స్వరాల్లో అసలు కూయడం లేదు, నడిమి స్వరాల్లో కూడా లేదు. పైకి పోయేటప్పుడు మాత్రం ఒక్కోసారి. ఇంకా గీకితే పలుచబడి చచ్చిపోతుందని పాలిష్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లారితే పున్నమి.

"వినాయక్‌కు చెప్పరాదు కాకా? ఇట్ల వినబడ్త లేదని. మనిషే గద."

"చెప్త. రథం గుడికి మళ్ళినంక చెప్త. ఇయ్యాల చెప్తే రేపు పొద్దున నా చేతుల బుర్రలుంటయి."

"రేపు కూస్తే?"

ఆయన క్లారినెట్‌ను ముక్కలుగా విప్పి డబ్బాలో సర్దాడు. రీడును అద్దం మీద బోర్లా పెట్టాడు. నేను అడిగింది వినబడలేదేమోనని మళ్ళీ అడగబోతుంటే, చెయ్యి ఎత్తి ఆపాడు.

"పోరగాండ్లు బ్యాండు ముందట ఆడ్తరు సూడు, మా దిక్కు మొఖం పెట్టి ఎనుకకు ఎనుకకు నడుసుకుంట. రేపు నువ్వు గూడ నా ముందట గట్ల నడువు."

"నాకు ఆట రాదు కాకా. మంది నవ్వుతరు."

"ఆడుమని ఎవడన్నడు రా? నడువు, గంతే. నీ మొఖం నాకు కనబడాలె. కూసిందనుకో, మొఖం ముడువు. నేను ఆ సురం ఇడిసిపెట్టి కిందికెల్లి వాయించుకుంట. మల్ల మల్ల కూసిందనుకో, చెయ్యి అడ్డం పెట్టు. నా అంతట నేనే తీసి డబ్బల పెట్టుకుంట. వినాయక్ వచ్చి మందిల నా చేతులకెల్లి గుంజుకోవద్దు."

ఆయన డబ్బా మూసి లేచి, నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు.

"ఇంకోటి ఇను అభ్యా. ముసలోడని జాలిపడి నవ్వుమొఖం పెట్టకు. ఆ దినం షెడ్డుల పెట్టినవు సూడు, చింతపండు తిన్నట్టు, గదే పెట్టు."